డాబు మాటలు, తెగువ మాటలు: వీటి గుట్టు తెలిసినవారు చెప్పగలరా?

ఒంగోలు బాటసారి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా అక్క కూతురు డాలస్ దగ్గర పుట్టి పెరిగిన పిల్ల. వయసు పదహారు. ఈ వేసవిలో రెండు నెలలు మా ఇంట్లో ఉంది. ఇంటి తెలుగు చక్కగానే మాట్లాడుతుంది గాని వీధి తెలుగు ఆమెకు కొత్త. సాయంత్రం పూట మా అబ్బాయి, వాడి స్నేహితులు మైదానంలో క్రికెట్టు ఆడుతుంటే గట్టు మీద కూర్చుని వాళ్ళ మాటలు వింటుంది. రాత్రి భోజనాలయ్యాక నోటుపుస్తకం తెరిచి, ఆ రోజు పోగుచేసిన మాటలకు నా చేత అర్థాలు చెప్పించుకుంటుంది. ‘ఫోజు కొట్టడం’లో కొట్టేది ఎవరిని మావయ్యా అని ఒకరోజు అడిగింది. ‘నీకంత సీన్ లేదు’ అంటే ఏ సినిమాలో సీను అని మరొకరోజు అడిగింది. నాకు తెలిసినంత చెప్పాను, తెలియనిచోట దగ్గి ఊరుకున్నాను.

మొన్న ఆ పుస్తకం తిరగేస్తే ఒక విచిత్రం కనిపించింది. గొప్పలు పోవడానికి సంబంధించిన మాటలు పేజీన్నర ఉన్నాయి. బిల్డప్, ఫోజు, బడాయి, కోతలు, డబ్బా, ఎచ్చులు, ఎగస్ట్రాలు, షోపుటప్, కటింగు, ఇంకా చాలా. ధైర్యానికి మాత్రం దమ్ము, గట్స్, తెగింపు, ‘నీకెన్ని గుండెలురా’ అనే నాలుగే ఉన్నాయి. ‘మనవాళ్ళలో ధైర్యవంతులు తక్కువా మావయ్యా’ అని అమాయకంగా అడిగింది. నాకు రోషం వచ్చింది గాని జవాబు రాలేదు.

మరో చిక్కు ఏమిటంటే, ఒకే పనికి ఒక్కొక్కరు ఒక్కొక్క మాట వాడుతున్నారు. ఆదివారం మా అబ్బాయి ప్యాడ్లు కట్టుకోకుండా కార్కు బంతి ఎదుర్కోవడానికి నిలబడ్డాడు. వాడి జట్టువాళ్ళు ‘దమ్మున్నోడురా’ అన్నారు. అవతలి జట్టువాళ్ళు ‘తెగ బిల్డప్ ఇస్తున్నాడు’ అన్నారు. నా పక్కన కూర్చున్న పెద్దాయన ‘కుర్రాడికి ధీమా ఎక్కువే’ అని నవ్వారు. మూడో బంతి మోకాలి చిప్పకు తగిలి వాడు కుంటుతూ ఇంటికి వస్తే, గుడ్డలో ఐసు ముక్కలు కట్టి అదుముతూ మా అమ్మ ‘ఒళ్ళు బలిసి కాకపోతే ఏమిటిరా’ అంది. పిల్ల ఈ నాలుగూ రాసుకుని, వీటిలో ఏది నిజమని నన్ను నిలదీసింది.

ఈ మాటలు ఎక్కడి నుంచి వచ్చాయో, డాబు ఎక్కడ ఆగి ధైర్యం ఎక్కడ మొదలవుతుందో తెలిసినవారు చెప్పండి. ‘నువ్వేమన్నా పెద్ద తురుంఖాన్‌వా’ అని మా అబ్బాయిని ఎవరో అన్నారట. ఆ ఖాన్ ఎవరో కూడా చెబితే సంతోషిస్తాను.

స్టూడియో వారి అబ్బాయి

మా నాన్నగారు తెనాలిలో ముప్పై ఏళ్ళు ఫోటో స్టూడియో నడిపారు కాబట్టి ఫోజు సంగతి నాకు వదిలేయండి.

ముందు ‘కొట్టడం’ గురించి పిల్లకు చెప్పండి. తెలుగులో ఈ క్రియకు దెబ్బతో సంబంధం పోయి చాలాకాలమైంది. మనం ఈత కొడతాం, గాలి కొట్టిస్తాం, సినిమా బోరు కొడుతుంది, నిన్నటి పప్పు కంపు కొడుతుంది. ఫోజు కొట్టడం కూడా అలాంటిదే. అయితే ఎవరైనా చూస్తుంటేనే కొట్టగలిగేది ఫోజు అని మాత్రం గుర్తుంచుకోవాలి. తలుపు వేసుకుని ఒంటరిగా ఫోజు కొట్టేవాడు కూడా అద్దాన్ని తోడు తెచ్చుకుంటాడు.

మా స్టూడియోలో తాజ్‌మహల్ బొమ్మ గీసిన తెర ఒకటి, సగం విరిగిన ప్లాస్టరు స్తంభం ఒకటి, తీగ లేని టెలిఫోను ఒకటి ఉండేవి. మేకుకు ఒక నల్ల కోటు వేలాడుతూ ఉండేది. అది పొట్టివాడికీ పొడుగువాడికీ, బక్కవాడికీ లావువాడికీ సరిపోవాలి. అందుకని వీపు వైపు నాలుగు బట్టల క్లిప్పులు పెట్టి బిగించేవాళ్ళం. ముందు నుంచి చూస్తే కలెక్టరుగారు, వెనక నుంచి చూస్తే దండెం మీద ఆరేసిన బట్ట. చేతికి పెట్టే గడియారం కూడా నడిచేది కాదు. ఎప్పుడూ పదీ పది చూపిస్తూ ఉండేది. పెళ్ళిచూపులకు ఫోటో పంపడానికి వచ్చిన ప్రతి కుర్రవాడూ ఆ కోటు వేసుకుని, ఆ గడియారం కనపడేలా గడ్డం కింద చెయ్యి పెట్టుకునేవాడు. ఫోజు అనే మాటకు ఇంతకంటే మంచి అర్థం నేను ఏ నిఘంటువులోనూ చూడలేదు.

సీను, బిల్డప్ సినిమావాళ్ళ మాటలు. కథలో ప్రతి పాత్రకూ ఇంతని సీన్లు ఉంటాయి. రెండు నిమిషాలు కనిపించి పోయే నటుడు క్లైమాక్సు తనదే అన్నట్టు విర్రవీగితే, ఈ కథలో నీకంత సీను రాయలేదు బాబూ అని చెప్పడమే ఆ మాటలోని చురక. బిల్డప్ అంటే హీరో రాకముందు చేసే హడావుడి. ముందు చెప్పులు చూపిస్తారు, తరువాత దుమ్ము లేస్తుంది, జనం గుసగుసలాడతారు, వెనక సంగీతం పెరుగుతుంది, మొహం మాత్రం ఆఖరున కనిపిస్తుంది. ఈ హంగు అంతా హీరోకు పక్కవాళ్ళు ‘ఇస్తారు’. మన వీధిలోని వ్యక్తికి ఇచ్చేవాళ్ళు లేరు కాబట్టి తనకు తానే ఇచ్చుకుంటాడు. వెక్కిరింపు అంతా ఆ ‘ఇవ్వడం’లోనే ఉంది.

కటింగు గురించి నాది ఊహ మాత్రమే. ‘కోతలు’ అనే పాత మాటకు కుర్రకారు ఇంగ్లీషు చొక్కా తొడిగారేమో అనిపిస్తుంది.

కోఠి పాతపుస్తకాలు

తురుంఖాన్ సంగతి నేను చెప్పాలి. ఆయన తిరిగిన వీధుల్లోనే నేను రోజూ తిరుగుతాను.

హైదరాబాదులో ఈ మాట ‘తుర్రం ఖాన్’ అని వినిపిస్తుంది. ‘ఏం, పెద్ద తుర్రం ఖాన్ అనుకుంటున్నవా’ అని ఆటోవాలా నుంచి ఆఫీసులో పెద్ద గుమాస్తా దాకా అందరూ అంటారు. ఈ పేరు తుర్రేబాజ్ ఖాన్ నుంచి వచ్చిందని నగరంలో చెప్పుకుంటారు. ఆయన కల్పిత పాత్ర కాదు. 1857లో ఉత్తరాదిన సిపాయిలు తిరగబడినప్పుడు నిజాం ప్రభుత్వం, దివాన్ సాలార్‌జంగ్ ఆంగ్లేయుల పక్షాన నిలబడ్డారు. ఔరంగాబాదు నుంచి తప్పించుకు వచ్చిన చీదా ఖాన్ అనే జమేదారును పట్టుకుని బ్రిటిష్ రెసిడెన్సీకి అప్పగించారు. అది నగరంలో చాలామందికి కడుపుమంట తెప్పించింది. 1857 జూలై 17 సాయంత్రం తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ ముందు నడవగా రోహిల్లాలు అనే పఠాన్ సిపాయిలు, నగర జనం కలిసి రెసిడెన్సీ మీద దాడి చేశారు. ఎదురుగా ఉన్న ఇళ్ళలో చేరి రాత్రంతా కాల్పులు సాగించారు. లోపల ఫిరంగులున్నాయి, బయట ఉన్నవాళ్ళ దగ్గర ఆవేశముంది. తెల్లవారేసరికి దాడి విఫలమైంది.

తుర్రేబాజ్ ఖాన్‌ను పట్టుకుని ద్వీపాంతర శిక్ష వేశారు. 1859 జనవరిలో ఆయన జైలు నుంచి తప్పించుకున్నాడు. కొద్ది రోజులకే తూప్రాన్ దగ్గర అడవిలో ఆయనను చంపి, శవాన్ని నగరానికి తెచ్చి నలుగురూ చూసేలా వేలాడదీశారు. మౌల్వీ అలావుద్దీన్‌ను అండమానుకు పంపారు.

ఇప్పుడు మాట దగ్గరికి వద్దాం. ప్రాణానికి తెగించి ఫిరంగులకు ఎదురు వెళ్ళిన మనిషి పేరు, ఈనాడు ఉత్తుత్తి డాబు చేసేవాడిని దెప్పడానికి వాడుతున్నాం. ఇది అన్యాయమని నేను చాలాకాలం అనుకునేవాణ్ణి. తరువాత ఆలోచిస్తే వేరే విధంగా తోచింది. ‘నువ్వేమన్నా తుర్రం ఖాన్‌వా’ అని అడిగేవాడు తుర్రం ఖాన్‌ను తక్కువ చేయడం లేదు. ఆయనను కొలబద్దగా నిలబెట్టి, ఎదుటివాడు ఆ కొలతకు తూగడని చెబుతున్నాడు. శవాన్ని వేలాడదీసినవాళ్ళు భయం పుట్టించాలనుకున్నారు. జనం నోట మాత్రం ఆ పేరు ధైర్యానికి తూకంరాయిగా మిగిలిపోయింది. తీస్‌మార్‌ఖాన్ వేరు. ముప్పై ఈగలను చంపి, ముప్పై మందిని చంపానని చెప్పుకున్న కథలోని మనిషి అతడు. ఇద్దరినీ కలిపేయకూడదని మనవి.

ఆ రెసిడెన్సీ భవనం తరువాత మహిళా కళాశాల అయింది, కోఠి ఉమెన్స్ కాలేజీ అంటే హైదరాబాదులో తెలియనివాళ్ళు ఉండరు. ఇప్పుడది చాకలి ఐలమ్మ పేరు మీద మహిళా విశ్వవిద్యాలయం. దగ్గరలోనే తుర్రేబాజ్ ఖాన్ పేరుతో రోడ్డు కూడా ఉంది. ఆ రోడ్డు మీద సెకండ్ హ్యాండ్ పుస్తకాలు బేరమాడేవాళ్ళు రోజుకు పదిసార్లయినా ఒకరినొకరు తుర్రం ఖాన్ అనుకుంటారు. తలెత్తి బోర్డు చదివేవాణ్ణి మాత్రం నేను చూడలేదు.

దమ్ముచక్రం (కోనసీమ)

నేను వ్యవసాయం చేసేవాణ్ణి. నిఘంటువులు చూసి చెప్పేంత చదువు లేదు గాని దమ్ము గురించి నాకూ కొంత తెలుసు.

మా వైపు దమ్ము అంటే ముందు పొలమే గుర్తుకు వస్తుంది. నాట్లకు ముందు మడిలో నీళ్ళు నిలగట్టి, ట్రాక్టరుకు రబ్బరు టైర్లు తీసి ఇనప చక్రాలు తగిలించి, మన్నూ నీరూ కలిసి వెన్నలా అయ్యేదాకా తొక్కిస్తాం. దానినే దమ్ము చేయడం అంటాం. ఆ చక్రాలతో తారు రోడ్డు ఎక్కితే రోడ్డు చాళ్ళు పడుతుందని అధికారులు కేకలేస్తారు, అది వేరే కథ. ‘దమ్ముంటే రా’ అనే దమ్ముకూ దీనికీ చుట్టరికం లేదు. ఆ దమ్ము ఉర్దూ నుంచి వచ్చిన పారశీక మాట, ఊపిరి అని దాని అర్థమని మా ఊరి బడిలో ఉర్దూ తెలిసిన మాస్టారు ఒకరు చెప్పేవారు. చుట్ట దమ్ము లాగినా, బిర్యానీ దమ్ములో పెట్టినా, సవాలు విసిరినా అంతా ఆ ఊపిరే.

చిన్నప్పుడు గోదావరి పాయలో మునిగి ఎవరు ఎక్కువసేపు ఉంటారో పందెం వేసుకునేవాళ్ళం. నూరు దాకా ఉంటానని ఊరంతా చెప్పుకున్న ఒకడు ముప్పై లెక్కపెట్టేలోగా తేలాడు. ఏమీ చెప్పని ఇంకొకడు ఎంతకీ తేలలేదు. భయపడి నలుగురం దిగి జుట్టు పట్టి లాగితే కళ్ళు తేలేసి ఉన్నాడు. వాడికి దమ్ముందని ఎవరూ అనలేదు. వాళ్ళ నాన్న చింతబరికె తెచ్చి వాడినీ మమ్మల్నీ కలిపి ఉతికాడు.

మీ అమ్మాయి పుస్తకంలో ‘చేవ’ అనే మాట లేదు, రాయించండి. చేవ అంటే చెట్టు నడిమి గట్టి చెక్క. ఇల్లు కట్టినప్పుడు ద్వారబంధాలకు టేకు దుంగ కొన్నాను. చుట్టూ చూస్తే బ్రహ్మాండంగా ఉంది. వడ్రంగి బాబాయి రంపం పెట్టి అడ్డంగా కోసి చూపించాడు. పైన నాలుగు వేళ్ళ మందం పాలిపోయిన చెక్క ఉంది, నడుమ గోధుమరంగు చేవ చారెడే ఉంది. ‘ఇది చూపుకే గాని చెదకు నిలవదు అబ్బాయ్’ అన్నాడు. మనిషిలో చేవ ఉందనో, చేవ చచ్చిందనో అన్నప్పుడు నాకు ఆ దుంగే కళ్ళ ముందు కనిపిస్తుంది. ఇక్కడ ఒక్క సంగతి గమనించండి. చేవ ఎంతుందో పైనుంచి చూస్తే తెలియదు, కోస్తేనే తెలుస్తుంది.

మరొకటి చెప్పి ఊరుకుంటాను. ఇది పొలంలో పనిచేస్తుంటే తోచిన ఆలోచన, తప్పయితే దిద్దండి. డాంబికానికి మనం ‘కోయడం’ అంటాం, కోతలు కోస్తున్నాడు అంటాం. ధైర్యానికి ‘తెగడం’ అంటాం, తెగువ, తెగింపు అంటాం. కొడవలితో కోసేవాడి చెయ్యి క్షేమంగానే ఉంటుంది. తెగేది మాత్రం మరొకటి. పలుపు తెగిన కోడె ఇక వెనక్కు చూడదు. కోతలరాయుడు మాటలతో ఎదుటివాళ్ళను కోస్తాడు, తెగించినవాడు తనకున్న కట్టు తానే తెంపుకుంటాడు. అమ్మాయికి ఈ తేడా చెబితే నాలుగు మాటలైనా చాలునేమో.

హనుమకొండ వాసి

దమ్ముచక్రం గారి మాట బాగుంది. అయితే ఈ చర్చలో ఇంతవరకు ఎవరూ అడగని ప్రశ్న ఒకటి నేను అడుగుతాను. ఈ మాటలన్నీ ఎవరి ఒంటి మీద పుట్టాయి? మీసం మెలేయడం, తొడ కొట్టడం, జబ్బ చరచడం, కాలరు ఎగరేయడం, వీటిలో ఆడవాళ్ళకు ఒక్కటైనా ఉందా? భయపడినవాడిని ‘గాజులు తొడుక్కున్నావా’ అంటారు. నేను ముప్పై ఏళ్ళుగా గాజులు తొడుక్కునే బస్సు ఫుట్‌బోర్డుల మీద వేలాడి ఉద్యోగానికి పోయాను. అడ్డదిడ్డంగా మాట్లాడిన కండక్టరును అదే చేత్తో చొక్కా పట్టి ఆపాను. గాజులు ఒక్కటి కూడా పగల్లేదు.

డాబు మాటల్లోనూ ఈ పక్షపాతం ఉంది. మా వైపు మగవాడు గప్పాలు కొడతాడు, బడాయి చెబుతాడు. ఆడది నకరాలు చేస్తుంది. చేసేది ఒకటే అయినా వాడిది వినోదం, ఆమెది తప్పు. ధైర్యం చూపిన ఆడపిల్లకు దక్కే బిరుదులు చూడండి: మొండిది, గయ్యాళి, గడుసుపిండం. మరీ మెచ్చుకుంటే ‘మగరాయుడు’ అంటారు. గొప్పలు చెప్పేవాడు కోతలరాయుడు, ధైర్యమున్న పిల్ల మగరాయుడు. రాయుడు పదవి ఎటుపోయినా మగవాడిదే.

కోఠి పాతపుస్తకాలు గారు ఐలమ్మ పేరు ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. పాలకుర్తిలో ఆమె కౌలుకు తీసుకుని సాగుచేసిన భూమి మీద విసునూరు దేశ్‌ముఖ్ కన్ను పడింది. పంట కోతకు రాగానే కోసుకు రమ్మని మనుషులను పంపాడు. ఎదుటివాడు దొర అయితే ‘నీ బాంచన్, కాల్మొక్త’ అనవలసిన రోజులవి. ఐలమ్మ ఆ మాట అనలేదు, దొరలను ఎదిరించిన ఆంధ్ర మహాసభ (జనం ‘సంఘం’ అనేవారు) కార్యకర్తలతో కలిసి నిలబడింది. దొర మనుషులు వెనుదిరిగారు, ధాన్యం ఆమె ఇంటికే చేరింది. దమ్ముచక్రం గారూ, మీ లెక్కలోకి ఇది సరిగ్గా వస్తుంది. కోయడానికి వచ్చినవాళ్ళు ఒకవైపు, తెగించి నిలిచిన మనిషి మరొకవైపు. అప్పుడామె చేతులకు గాజులున్నాయా లేవా అని ఎవరూ చూసి ఉండరు.

బాటసారి గారి మేనకోడలి సందేహానికి కూడా జవాబు చెబుతాను. డాబుకు మాటలు ఎక్కువ ఉన్నాయంటే డాబు మనుషులు ఎక్కువని కాదు, వాళ్ళను వెక్కిరించేవాళ్ళు ఎక్కువని అర్థం. బిల్డప్, ఎచ్చులు, డబ్బా, ఈ మాటల్లో ఒక్కటి కూడా డాబు చేసేవాడు తన గురించి చెప్పుకునేది కాదు, పక్కవాళ్ళు పెట్టిన పేర్లే. ‘మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె’ అన్నది ఏ మీసాలాయన కట్టిన సామెతా కాదు. ఆ ఇంట్లో పొయ్యి ముందు కూర్చున్న ఆడమనిషి కట్టిందని నా నమ్మకం. ఆ రోజు ఇంట్లో మెతుకు ఉందో లేదో తెలిసింది ఆమెకే కదా.

నర్సీపట్నం మాస్టారు

దమ్ముచక్రం గారికి నమస్కారం. మీ కోత–తెగువ పోలిక ఇంపుగా ఉంది. నలభై ఏళ్ళు తెలుగు చెప్పినవాణ్ణి కాబట్టి చిన్న అభ్యంతరం చెప్పకుండా ఉండలేను, మన్నించండి.

‘తెగు’ అంటే కట్టు తెగడం ఒక్కటే కాదు. బేరం తెగింది అంటాం, తగవు ఎటూ తెగడం లేదు అంటాం. అక్కడ తెగడమంటే ఒక నిర్ణయానికి రావడం. అందువల్ల తెగించినవాడు బంధం తెంచుకున్నవాడే కాక, ఊగిసలాట ముగించుకున్నవాడు కూడా. భయం ఉండవచ్చు, కాళ్ళు వణకవచ్చు, తీర్మానం మాత్రం అయిపోయింది. ‘తెగించినవాడికి తెడ్డే లింగం’ అనే సామెతను ఈ దృష్టితో చదవండి. అంతదాకా వచ్చినవాడు పూజకు సరైన లింగం దొరకలేదని ఆగడు, చేతిలో ఉన్న తెడ్డుతోనే పని కానిస్తాడు. అదే క్రియ కాస్త వంకర తిరిగితే ‘తెంపరి’ అవుతుంది. మీ అబ్బాయి ప్యాడ్లు లేకుండా నిలబడ్డది ఈ మూడో గదిలోకి వస్తుందేమో చూసుకోండి, బాటసారి గారూ.

మీ ప్రశ్నలోనే దాగిన తమాషా ఇంకొకటి ఉంది, ఎవరూ పట్టుకోలేదు. అవతలి జట్టువాళ్ళు ‘తెగ బిల్డప్ ఇస్తున్నాడు’ అన్నారని రాశారు. ఈ ‘తెగ’ కూడా ఆ ‘తెగు’ పిల్లే. హద్దు మీరినంతగా, మితం లేకుండా అని దాని అర్థం. కాబట్టి తెగువకు తల్లి అయిన మాటే డాబుకు కొలపాత్ర కూడా అయింది. ఒకే తాటి మీద రెండూ ఉన్నప్పుడు నలుగురు నాలుగు పేర్లు పెట్టడంలో వింత లేదు.

డాబు ఎక్కడ ఆగి ధైర్యం ఎక్కడ మొదలవుతుందని కదా మీరు అడిగారు. ముందుగా చెప్పడం డాబు, చెప్పకుండా చేయడం ధైర్యం అని చాలామంది గీత గీస్తారు. దమ్ముచక్రం గారి గోదావరి కథ కూడా ఆ పక్షానే మొగ్గుతోంది. నేను ఒప్పుకోను. మా ఊరికి పైనున్న కొండల్లో 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడి చేశాడు. మరునాడు కృష్ణదేవిపేట, ఆ మరునాడు రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్ల తుపాకులు ఆయన మనుషుల చేతికి వచ్చాయి. ఆ తరువాత ఆయన ముందే కబురు పంపి మరీ వెళ్ళడం మొదలుపెట్టాడు. దానిని మిరపకాయ టపా అనేవారు. ఫలానా చోటికి వస్తున్నాను, కాచుకోండి అని ఉత్తరం రాసి, మిరపకాయలు కట్టి పంపేవాడని మా వైపు పెద్దలు చెప్పేవారు. ముందుగా చెప్పడమే డాబు అయితే ఇంతకు మించిన డాబు ఉండదు. దానిని కోతలని ఎవరైనా అనగలరా?

ఇటు విరాట పర్వంలో ఉత్తరకుమారుడు అంతఃపురంలో ఆడవాళ్ళ ముందు నిలబడి కౌరవులను ఊదేస్తానన్నాడు. సేన కనపడగానే రథం దిగి పరుగెత్తాడు. ‘ఉత్తరకుమార ప్రగల్భాలు’ అని మనకు స్థిరపడింది ఆయన మాటల వల్ల కాదు, పరుగు వల్ల. పరుగెత్తకపోతే అవే మాటలను ప్రతిజ్ఞ అని పాఠాల్లో చెప్పుకునేవాళ్ళం. అంటే ఈ మాటలు పలికినప్పుడు డాబో ధైర్యమో నిర్ణయం కావు, ఫలితం తరువాత వెనక్కు వెళ్ళి పేరు పెడతాం. మీ అబ్బాయి ఆ మూడో బంతిని బౌండరీ దాటించి ఉంటే మీ అమ్మగారు ‘ఒళ్ళు బలిసి’ అనేవారా?

హనుమకొండ వాసి

మాస్టారూ, బౌండరీ దాటించినా అమ్మ ఆ మాటే అనేది. ఐసు ముక్కలు మాత్రం మిగిలేవి.

ఒంగోలు బాటసారి

అందరికీ కృతజ్ఞతలు. మాస్టారి జవాబు మా అబ్బాయికి చదివి వినిపించాను. తెంపరి అంటే పొగడ్తో తిట్టో తేల్చి చెప్పమన్నాడు. మోకాలు తగ్గాక చెబుతానన్నాను.

అమ్మాయి మీ జవాబులన్నీ పుస్తకంలో ఎక్కించుకుంది. ధైర్యం పేజీలో చేవ, తెగువ, తెంపరి, తుర్రం ఖాన్ చేరాయి. ఖాన్‌ను ఏ పేజీలో రాయాలో తెలియక రెండింటిలోనూ రాసుకుంది. గాజుల సంగతి చదివి, వాళ్ళ అమ్మమ్మను పిలిచి ‘నీ చిన్నప్పుడు నిన్ను మగరాయుడు అనేవాళ్ళా’ అని అడిగింది. మా అమ్మ జవాబు చెప్పకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. తరువాత మెల్లగా, ఊరి చెరువులో ఈత నేర్చుకున్న మొదటి ఆడపిల్ల తనేనని ఆ పిల్లకు చెప్పిందట. నలభై ఎనిమిదేళ్ళుగా ఆమె కొడుకుని. ఈ సంగతి నాకు నిన్ననే తెలిసింది.

నిన్న రాత్రి హైదరాబాదు విమానాశ్రయంలో ఆమెను దింపాము. పెట్టె బరువు ఇరవై మూడు కిలోలు దాటకూడదు. ఇంట్లో చేత్తో ఎత్తి చూసి, ఇరవై రెండుకు ఒక్క గ్రాము మించదు, ఇన్నేళ్ళుగా ఎత్తుతున్న చెయ్యి ఇది అని నేను ధీమాగా చెప్పాను. కౌంటరు దగ్గర కాటా ఇరవై ఆరున్నర చూపించింది. వెనక వరుసలో జనం చూస్తుండగా నేల మీద పెట్టె తెరిచి, అడుగున ఉన్న ఆవకాయ డబ్బాలు రెండు తీయవలసి వచ్చింది. పిల్ల ఆ రెండూ నా చేతుల్లో పెట్టి, ‘ఇవి నీ సొంత డబ్బాలు మావయ్యా, నువ్వే కొట్టుకో’ అని పెట్టె తోసుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.